నేను లేపిన పక్షులు

మా అక్క వాళ్ళ ఊరి చెరువుకట్ట మీద ఇప్పుడొక బోర్డు ఉంది. దాని మీదున్న గడుల గుర్తును ఫోనుతో స్కాన్ చేస్తే ఒక యాప్ తెరుచుకుంటుంది. ఇక గైడుతో పనిలేదు. ఫోను తెరలో కట్ట మీది మట్టిదారిపై పచ్చటి బాణాలు తేలుతూ దారి చూపిస్తాయి. ఆగమన్న చోట ఆగి, ఫోనును చెరువు లోపలే పెరిగే కడప చెట్ల వైపు ఎత్తితే, నడి ఎండాకాలంలో చెరువు ఎండిపోయి ఒక్క రెక్క కూడా కదలని రోజుల్లో సైతం కొమ్మల మీద గూడబాతులు కూర్చుని కనిపిస్తాయి. అవి ఏం తింటాయో, ఎన్నాళ్ళు పొదుగుతాయో పక్కన అక్షరాల్లో వస్తుంది. చివరి మజిలీ దగ్గర, చెరువు పడమటి మూల చెట్ల మీద ఉన్న పక్షులన్నీ ఒక్కసారిగా లేచి, చూసేవాళ్ళ తల మీదుగా వెళ్ళిపోతాయి. పిల్లలు తల వంచుకుంటారు. పెద్దవాళ్ళు ఇంకోసారి చూస్తారు.

ఆ పక్షులను ఫోనులోకి ఎక్కించింది నేను. అంతకు ముందు చెట్ల మీద నుంచి లేపింది కూడా నేనే.

నాకు తడలో చిన్న ఫోటో స్టూడియో ఉంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో చేరడానికి వచ్చే వాళ్ళకు పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాను. పెళ్ళిళ్ళకు, సమాధి కార్యక్రమాలకు వీడియో తీస్తాను. ఆ బతుకు మీద నాకు గౌరవం ఉండేది కాదు. నాలో ఇంకేదో పెద్ద పని చేయగల మనిషి ఉన్నాడనీ, ఎవరూ అతన్ని అడగడం లేదనీ అనుకుంటూ ఉండేవాణ్ణి. అందుకే పట్నం నుంచి ఒక కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, పక్షుల చెరువుకు ఫోను చూపించే యాత్ర తయారు చేస్తున్నామనీ, స్థానికంగా ఫోటోలూ వీడియోలూ తీసే మనిషి కావాలనీ అన్నప్పుడు నేను రెండో మాట లేకుండా ఒప్పుకున్నాను. అది అక్క వాళ్ళ ఊరే కావడం కలిసొచ్చింది. ఒక్కో చోట నిలబడి ఒక్కో చెట్టును అన్ని వైపుల నుంచీ, అన్ని కాలాల్లోనూ ఫోటోలు తీయాలి. అప్పుడే ఫోను ఆ చెట్టును గుర్తుపడుతుంది, దాని మీద పక్షిని కూర్చోబెట్టగలుగుతుంది. నెలల తరబడి ఆ కట్ట మీద తిరిగాను.

ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. వానలు పడి పక్షులు దిగిన నాటి నుంచి పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయే దాకా ఆ ఊళ్ళో పెద్ద శబ్దం ఉండదు. దీపావళికి టపాకాయలు కాల్చరు. బ్యాండు మేళంతో పెళ్ళి చేయాలనుకుంటే పక్షులు పోయాక ముహూర్తం పెట్టుకోవాలి. రెట్టలతో చిక్కబడ్డ ఆ చెరువు నీళ్ళే వాళ్ళ వరికి ఎరువు కాబట్టి అలా చేస్తారని బయటివాళ్ళు అంటారు. అది నిజమే కానీ, ఒక్క ఎరువు కోసం మనుషులు ఇన్ని తరాలు గొంతు తగ్గించుకుని బతకరు. మా క్రైస్తవ సంఘం కూడా అంతే. క్రిస్మస్‌కు ఆ ఒక్క ఊళ్ళోనే ప్రార్థన గుడికి మైకు కట్టరు. పాటలకు చప్పట్లు కొట్టరు. ఆడవాళ్ళు అరచేతులు ఒకదాని మీద ఒకటి ఆనించి, తాళం వేసినట్టు కదిలిస్తూ పాడతారు. మొగుడూ పెళ్ళాల పోట్లాట కూడా పక్షులు పోయాకేనని మా బావ నవ్వేవాడు.

మా బావ, అంటే అక్క భర్త, ఆ చెరువు పక్షులకు కాపలా ఉండే అటవీశాఖ వాచరు. పర్మినెంటు కాదు, తాత్కాలికం. కానీ ఆ ఉద్యోగాన్ని ఆయన దేవుడు పెట్టిన పని అనుకున్నాడు. సంఘంలో కూడా పెద్దల్లో ఒకడు. రెండో వాచరు మానేసి వెళ్ళిపోవడంతో ఆ సంవత్సరం పక్షులు దిగినప్పటి నుంచీ కట్ట మీద ఆయనొక్కడే. ఆదివారాలు కూడా గుడికి పోవడం కుదరలేదు.

డిసెంబరులో కంపెనీ కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, ఫుటేజ్ మస్తున్నది. కానీ ఎండింగ్ లేదన్నా. చూసినోడు ఇంకొకడికి చెప్పాలె కదా. అన్నీ ఒక్కసారి లేస్తే ఎట్లుంటది?"

"కంప్యూటర్లో చేసుకోరాదా?" అన్నాను.

"చేస్తే బొమ్మల సినిమా లెక్క ఉంటది. రియల్ కావాలె. నువ్వు తీయగలవన్నా, నీ కన్ను మంచిది."

ఆ చివరి మాట నాకు ఎంత బాగా ఎక్కిందో ఇప్పటికీ గుర్తుంది. వారం రోజులు పడమటి మూల ఎదురుగా కెమెరా పెట్టుకుని కాచుకున్నాను. పక్షులు ఒకటీ అరా వస్తాయి, పోతాయి. మిగతావి గుడ్ల మీద కదలకుండా కూర్చుంటాయి. అన్నీ కలిసి ఎప్పుడు లేస్తాయని బావను అడిగాను.

"గద్ద పడితే లేస్తాయి అబ్బయ్యా. లేదంటే టపాకాయ పేలితే. గద్ద మన మాట వినదు, టపాకాయ ఈ ఊళ్ళో దొరకదు" అన్నాడు. "ఏం, మీ ఫోనోళ్ళకి కూర్చున్న పక్షి చాలదంటనా?"

"కూర్చున్నదాన్ని ఎంతసేపు చూస్తారు బావా?"

"నేను చూడలా ఇన్నేళ్ళుగా? నాకేమన్నా రోగమొచ్చిందా?"

నవ్వుకున్నాం. ఆయన నా టీ గ్లాసు కూడా కడిగి పెట్టాడు.

జనవరిలో మొదటి ఆదివారం సంఘంలో బల్ల. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారాన్ని మేం అలాగే అంటాం. నేను బల్ల తీసుకోవడం మానేసి ఏళ్ళయింది. పెద్ద కారణమేం లేదు, బద్ధకం. బావ మాత్రం వానలప్పుడు తీసుకున్నవాడు మళ్ళీ తీసుకోలేదు. ముందురోజు అక్క నన్ను అడిగింది.

"ఒరే, నువ్వెట్టా కట్ట మీదనే ఉంటావు గదా. రేపు ఆయన్ని ఒక గంట గుడికి పంపియ్యి. కొత్త సంవత్సరంలో మొదటి బల్ల. అడగలేక అట్టా ఉండాడు మనిషి."

సరేనన్నాను. అప్పటికి నా మనసులో ఏమీ లేదని చెప్పుకోవాలని ఉంది. కానీ అప్పటికే ఆ ఆలోచన ఉంది.

పొద్దున బావ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని కట్ట మీదికి వచ్చాడు. వాచ్ టవరు మెట్ల కింద ఒక ఇనుపరేకు తలుపు ఉంటుంది, సందర్శకులు పైకెక్కకుండా. దాన్ని మూసి గడియ వేశాడు. "ఎవురన్నా వచ్చి గట్టిగా మాట్లాడితే నోటి మీద వేలు పెట్టి చూపియ్యి, చాలు" అని చెప్పి వెళ్ళాడు. ఊరివైపు దిగేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూసి చెయ్యి ఊపాడు.

కాసేపటికి గుడి నుంచి పాట వినిపించింది. ఆ ఊరి పాట తెలుసు కదా, గాలి ఇటు ఉంటే తప్ప వినపడదు. నేను కెమెరా సిద్ధం చేసుకున్నాను. తలుపు దగ్గరికి వెళ్ళి గడియ తీశాను. తలుపును పూర్తిగా లాగి, బలంగా చట్రానికి కొట్టాను.

దగ్గరి చెట్ల మీదవి లేచాయి. తక్కినవి మెడలు ఎత్తి చూశాయి, లేవలేదు. లేచినవి నాలుగుసార్లు రెక్కలు కొట్టి మళ్ళీ దిగబోతున్నాయి. అక్కడ ఆగిపోయి ఉంటే ఈ కథ వేరు. నేను తలుపును మళ్ళీ లాగాను. ఈసారి రెండు చేతులతో కొట్టాను.

పడమటి మూల మొత్తం లేచింది. ముక్కులు టకటకమన్నాయి, రెక్కల చప్పుడు కట్ట మీద పెద్ద వాన కురిసినట్టు వచ్చింది. ఆకాశం నిండిపోయి ఉంటుంది. నేను ఆకాశం చూడలేదు, కెమెరా తెరను చూశాను. ఫ్రేములో అన్నీ పట్టాయా లేదా అన్నదే నా ధ్యాస. పట్టాయి.

తర్వాత తల ఎత్తితే కాకులు కనిపించాయి. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు, గూళ్ళ మీద దిగి ఉన్నాయి. పక్షులు పైన సుడి తిరుగుతున్నాయే కానీ దిగడం లేదు. ఒక గూడు అంచు నుంచి ఇంకా ఈకలు రాని పిల్ల ఒకటి నీళ్ళలో పడింది. దాని తర్వాత ఇంకోటి. నేను కెమెరా ఆపేశాను. నాకు చేతనైన పశ్చాత్తాపం అప్పటికి అంతే.

బావ పరిగెత్తుకుంటూ వచ్చాడు. గుడి బయట విడిచిన చెప్పులు కూడా వేసుకోలేదు. ఆయన వెనక సంఘం మగవాళ్ళు కొందరు వచ్చారు. నోరు తెరవకుండా బతికే ఊళ్ళో ఇనుప తలుపు చప్పుడు ప్రతి ఇంటికీ వినిపించింది. బావ అప్పుడే ద్రాక్షరసం గిన్నె చేతిలోకి తీసుకున్నాడనీ, పెదవి దాకా తెచ్చి మళ్ళీ పళ్ళెంలో పెట్టేసి లేచాడనీ అక్క తర్వాత చెప్పింది.

"ఏంది ఆ శబ్దం?" అన్నాడు, ఆయాసంతో.

"తలుపు బావా. గాలికి కొట్టుకుంది. గడియ సరిగ్గా పడలేదేమో."

తూర్పు గాలి కొద్దిగా ఉంది. అబద్ధానికి ఆ మాత్రం గాలి చాలు.

ఆయన తలుపు దగ్గరికి పోయి గడియను ముందుకూ వెనక్కూ జరిపి చూశాడు. "పెట్టినాననే అనుకుంటుండా" అన్నాడు. మళ్ళీ జరిపాడు. "బల్లకి ఆలస్యమవుతుందని తొందరపడినా. సగం పడిందో ఏమో." నేనొక రాయి వేశాను, మిగిలిన గోడంతా ఆయనే కట్టుకున్నాడు. నేను పక్కనే నిలబడి చూశాను.

వచ్చినవాళ్ళలో ఒక ముసలాయన నీళ్ళ వైపు చూస్తూ అన్నాడు. "క్రిస్మస్‌కి మైకు లేకుండా మేం ఉంటిమి. నా మనవరాలి పెళ్ళి మూగపెళ్ళి చేస్తిమి. నువ్వొక గడియ పెట్టుకోలేకపోయినావా అయ్యా?"

బావ ఇంకోసారి గడియ జరిపి చూశాడు. ఊళ్ళో ఆయన్ని అలా అన్నవాళ్ళు అంతకుముందు లేరు.

రెండు రోజుల తర్వాత అటవీశాఖ అధికారి వచ్చి విచారించాడు. నన్ను కూడా అడిగాడు. గాలికే అని చెప్పాను. బావ మాత్రం, "గడియ మరిచింది నేనే సార్. డ్యూటీ వదిలి పొయింది కూడా నేనే" అన్నాడు. రేపటి నుంచి రావద్దన్నారు. ఆయన చేతికర్రను టవరుకు ఆనించి పెట్టి, ఇంటికి నడిచాడు.

తర్వాతి బల్ల ఆదివారం ఆయన సంఘంలో లేచి నిలబడ్డాడు. తన అజాగ్రత్త వల్ల పడమటి మూల గూళ్ళు పోయాయనీ, మళ్ళీ అక్కడ పక్షులు గూళ్ళు కట్టే దాకా తాను బల్ల ముట్టననీ అన్నాడు. అంత అవసరం లేదని పాస్టరు అయ్యగారు నచ్చజెప్పినా వినలేదు. నేను ఆ రోజు అక్కడ లేను. స్టూడియోలో కూర్చుని, ఆ వీడియోలో తలుపు చప్పుళ్ళను కత్తిరించి, రెక్కల శబ్దం మాత్రం మిగుల్చుకునే పనిలో ఉన్నాను. బాగా కుదిరింది. దాని ముందు ఒక హెచ్చరిక కావాలని కంపెనీ వాళ్ళు అడిగితే నా గొంతుతోనే చదివాను: "ఇది పక్షుల ఇల్లు. దయచేసి నిశ్శబ్దం పాటించండి." ఇప్పటికీ బోర్డు దగ్గర ఫోను తెరవగానే వినపడేది నా గొంతే.

బావ ఒక ఫ్యాక్టరీలో గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు. అక్క ఒకసారి స్టూడియోకు వచ్చినప్పుడు చెప్పింది. "ఇంటికి గడియ పెట్టి వీధి మలుపు దాకా పోతాడురా. మళ్ళా వెనక్కొచ్చి లాగి చూస్తాడు. మళ్ళా పోతాడు, మళ్ళా వస్తాడు. పిల్లోళ్ళు నవ్వుతుండారు. నాకు భయంగా ఉండాది. ఆ మనిషికి మతి తప్పుతుండాదేమోరా."

నేను ఆమెకు కూల్‌డ్రింకు తెప్పించాను.

యాప్ మొదలుపెట్టిన రోజు కట్ట మీద షామియానా వేశారు. నాకు శాలువా కప్పారు. అందరూ ఫోన్లు ఎత్తారు, పక్షులు లేచాయి, తలలు వంచుకున్నారు, నవ్వారు. ఎండాకాలం కాబట్టి చప్పట్లు కూడా కొట్టారు.

మళ్ళీ వానలు పడ్డాయి. పక్షులు వచ్చాయి. తూర్పు వైపు, ఉత్తరం వైపు చెట్ల మీద గూళ్ళు కట్టాయి. పడమటి మూల చెట్ల మీద ఒక్కటి కూడా కట్టలేదు. కొన్ని వచ్చి వాలేవి, కాసేపు ఉండి లేచిపోయేవి. సంక్రాంతి వచ్చినా అంతే. బావ సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, టికెట్టు కొనుక్కుని, కట్ట మీద నిలబడి ఆ మూలను చూసేవాడని విన్నాను.

ఒకరోజు నేను వెళ్ళినప్పుడు ఆయన ఉన్నాడు. పక్కన ఎవరో కుటుంబం, ఫోను ఎత్తి ఖాళీ చెట్లను చూస్తున్నారు. వాళ్ళ అమ్మాయి "మీరూ చూడండి అంకుల్" అని ఫోను ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చెట్ల వైపు ఎత్తి, పక్షులు కూర్చుని ఉండటం చూశాడు. తర్వాత అవి లేవడం చూశాడు. ఫోను తిరిగి ఇచ్చి "బాగుండాది తల్లీ" అన్నాడు.

వాళ్ళు ముందుకు వెళ్ళాక నా వైపు తిరిగాడు.

"ఆ రోజుటివే గదా అబ్బయ్యా ఇవి? ఆ టైంకి కెమెరా తెరిచి పెట్టి మంచి పని చేసినావు. నా వల్ల పొయినవి పొయినాయి. ఇందులోనన్నా ఉండాయి. నేను నిన్నేం అనుకోలా, ఏదో నువ్వన్నా మిగిల్చినావు అనుకున్నా."

ఆయన తిట్టి ఉంటే నేను ఇంకా కొన్నేళ్ళు ఓర్చుకునేవాణ్ణి. థాంక్స్ చెప్పినట్టు చెప్పాడు. అది ఓర్చుకోలేకపోయాను.

"గడియ నువ్వు పెట్టినావు బావా. నేను తీసినా. తలుపు నేనే కొట్టినా, వీడియో కోసం. రెండుసార్లు కొట్టినా."

ఆయన నా ముఖం వైపు చూడలేదు. చెట్ల వైపే చూస్తున్నాడు.

"రెండుసార్లా?" అన్నాడు.

"మొదటిసారికి అన్నీ లేవలా."

"నాకు మతి పోతుండాదనుకున్నా" అన్నాడు. "సంవత్సరంగా. పొయ్యి ఆర్పినానా, నీళ్ళ మోటరు కట్టినానా, ఏ పనీ చేసినట్టు అనిపించేది కాదు."

"ఊరందరికీ చెప్తాను బావా. అధికారికి చెప్తాను."

"చెప్పబాక."

"ఎందుకు?"

"మీ అక్క ఈ ఊళ్ళో తలెత్తుకొని తిరగాల. నేనంటే గడియ మరిచినోణ్ణి. దానికి క్షమిస్తారు. దీనికి క్షమించరు."

అప్పుడు నేను ఒక తెలివితక్కువ మాట అన్నాను. "పోనీ నువ్వు బల్ల తీసుకో బావా. నీ తప్పేం లేదని నీకు తెలిసింది కదా."

ఆయన మొదటిసారి నన్ను చూశాడు. "మొన్నటి దాకా నా తప్పని ముట్టలా. ఇప్పుడు నీ మీద కోపముండాది. కోపం కడుపులో పెట్టుకొని ఎట్టా ముట్టేది?"

అలా అని వెళ్ళిపోయాడు. కోపంగా ఉన్న మనిషి నడకలా లేదు. పాదాలు చూసుకుంటూ, ఎప్పుడూ నడిచే కట్టే అయినా కొత్త దారిలో నడిచినట్టు నడిచాడు.

చెప్పబాక అన్న మాటకు నాకు సంతోషం కలిగింది. ఇది కూడా రాయాలి. తలుపు కొట్టిన చెయ్యి కంటే ఆ సంతోషమే నాకు ఎక్కువ సిగ్గు. అక్క కోసమే ఊరుకుంటున్నానని నాకు నేను చెప్పుకుంటూ మరికొన్ని వారాలు హాయిగా పాస్‌పోర్టు ఫోటోలు తీశాను. ఈ మధ్యలో కంపెనీకి ఫోన్ చేసి ఆ చివరి మజిలీ తీసేయమని అడిగాను. "అదే కదన్నా అందరూ చూసేది" అన్నాడు ఆ కుర్రాడు. గట్టిగా అడగలేదు.

చివరికి పోయిన బల్ల ఆదివారం ఆ ఊరి గుడికి వెళ్ళాను. పాట అయ్యాక, రొట్టె విరవక ముందు, అయ్యగారి అనుమతి అడిగి లేచాను. బావ ముందు వరసలో ఉన్నాడు. నేను లేవడం చూసి తల అడ్డంగా ఊపాడు, వద్దని. నేను చెప్పాను. గడియ తీశాననీ, రెండుసార్లు కొట్టాననీ, అబద్ధం చెప్పాననీ, ఆయన ఉద్యోగం పోతుంటే చూస్తూ ఊరుకున్నాననీ చెప్పాను. అందరూ తలలు బావ వైపు తిప్పారు. ఆ ఊరివాళ్ళకు గొంతు పెంచడం అలవాటు లేదు. ఆ ముసలాయన మాత్రం లేచి, కర్ర ఆనించుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

అయ్యగారు నన్ను కూర్చోమని, ప్రార్థన చేసి, పళ్ళెం పంపించారు. ఇప్పుడు అందరికీ తెలుసు, ఇప్పుడన్నా తీసుకుంటాడని నేను బావ చేతుల వైపు చూస్తున్నాను. పళ్ళెం ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని అందుకుని, పక్కవాడికి ఇచ్చాడు. మగవాళ్ళ వరసలు దాటి ఆడవాళ్ళ వైపు పోయింది. అక్క ఒక్క బల్ల కూడా మానిన మనిషి కాదు. కాన్పు అయిన నెలలో కూడా వచ్చి తీసుకుందని మా అమ్మ చెప్పేది. అక్క పళ్ళెం వైపు చూసి, ముసుగు సరిచేసుకుని, ముట్టకుండా పక్కామెకు అందించింది.

గుడి బయట చెప్పుల దగ్గర ఆమె కోసం నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, చిన్నప్పుడు కొట్టినట్టు. ఆమె చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అంది.

"ఆయన్ని ఆ రోజు గుడికి పంపియ్యమని నిన్ను అడిగింది నేను గదరా."

"నీ తప్పేముంది అక్కా అందులో?"

"అది నువ్వు చెప్తే నమ్మాల్నా?" అంది.

బావ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ ఇంటి వైపు నడిచారు. చెరువులో పక్షిపిల్లలు ఇంకా గూళ్ళలోనే ఉన్నాయి కాబట్టి, వాళ్ళ వెనక వెళుతున్న జనం కూడా ఏమీ మాట్లాడుకోలేదు.